భవన నిర్మాణ సామగ్రి వ్యయ అంచనా

కట్టబోయే భవనానికి ఏయే సామగ్రి ఎంతెంత పడుతుందో నక్షాలను బట్టి లెక్కగట్టి, ఆ పరిమాణాలకు అప్పటి ధరలు వేసి, పని మొదలుపెట్టక ముందే ఖర్చును తేల్చే పద్ధతిని వ్యయ అంచనా అంటారు. ఇంజనీర్లు, గుత్తేదార్లు, తాపీ మేస్త్రీలు దీన్ని ఎస్టిమేటు అని వ్యవహరిస్తారు. సాధారణ నివాస గృహానికి అయ్యే ఖర్చులో మూడింట రెండు వంతులకు దగ్గరగా సామగ్రికే పోతుంది కనుక, ఇంటి యజమాని ఎంత అప్పు తేవాలో, బ్యాంకు ఎంత ఇవ్వాలో, ప్రభుత్వ శాఖ ఎంతకు టెండరు పిలవాలో, గుత్తేదారు ఎంతకు ఒప్పుకోవాలో నిర్ణయించేది ప్రధానంగా సామగ్రి లెక్కే.

అంచనాకు పరిమాణం, ధర అని రెండు అంగాలు ఉన్నాయి. పరిమాణం క్షేత్రగణితానికి సంబంధించినది. ఒకే కొలతల స్లాబుకు శ్రీకాకుళంలో ఎంత కాంక్రీటు పడుతుందో ఆదిలాబాదులోనూ అంతే పడుతుంది, ముప్ఫై ఏళ్ల తరువాత కట్టినా అంతే పడుతుంది. ధర మాత్రం క్వారీ ఎంత దూరాన ఉంది, ఏటిలో వరద ఉందా లేదా, పన్ను ఎంత, అది ఏ సంవత్సరం అన్నవాటిని బట్టి ఊరూరికీ మారుతుంది, నెలనెలకూ మారుతుంది. ఈ రెండింటినీ విడివిడిగా లెక్కించి విడివిడిగా రాసిపెట్టిన అంచనాను ఎప్పుడైనా సరిదిద్దవచ్చు. రెండింటినీ కలిపేసి చదరపు అడుగుకు ఇంత అని ఒకే అంకెగా చెప్పిన అంచనాలో పొరపాటు ఎక్కడ దొర్లిందో కనిపెట్టడం దాదాపు అసాధ్యం. తెలుగు రాష్ట్రాల్లో సొంత ఇల్లు కట్టుకునేవారిలో చాలామంది ఆ ఒక్క అంకెను నమ్ముకునే పునాది తీయడం, స్లాబు దగ్గరకు వచ్చేసరికి డబ్బు చాలక పని ఆపుకోవడం తరచుగా కనిపించే విచారకరమైన విషయం.

అంచనాల్లో రకాలు

నక్షాలు పూర్తిగా సిద్ధం కాకముందు, పని చేపట్టవచ్చా లేదా అని తేల్చుకోవడానికి వేసేది ప్రాథమిక అంచనా. దీనికి ప్లింత్ వైశాల్యం, అంటే గోడల మందంతో సహా నేలమట్టం మీద భవనం ఆక్రమించే వైశాల్యం, ఆధారం. ఆ వైశాల్యాన్ని ఎలా కొలవాలో భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3861 నిర్దేశిస్తుంది, దాన్ని గుణించవలసిన రేట్లను కేంద్ర ప్రజాపనుల శాఖ ప్రకటిస్తుంది, వాటికి ఆయా పట్టణాల వ్యయ సూచికను వర్తింపజేస్తారు. నక్షాలన్నీ సిద్ధమయ్యాక ఒక్కొక్క పనిని విడదీసి కొలిచి వేసేది వివరణాత్మక అంచనా. టెండరుకూ, ఒప్పందానికీ, బిల్లు చెల్లింపుకూ ఇదే ప్రాతిపదిక. పని మధ్యలో ధరో పరిమాణమో గణనీయంగా మారినప్పుడు సవరించిన అంచనా, మొదట అనుకోని పని తోడైనప్పుడు అనుబంధ అంచనా తయారుచేస్తారు.

కొలతల పద్ధతి

ఒకే గోడను ఇద్దరు కొలిచినప్పుడు రెండు ఫలితాలు రాకుండా చూడడానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 1200 అనే ప్రమాణాన్ని అనేక భాగాలుగా వెలువరించింది. మట్టిపని, కాంక్రీటు, ఇటుక పని, పూత పని, ఇనుప పని వంటి ఒక్కొక్క దానికి ఒక్కొక్క భాగం ఉంది. మట్టిపని, కాంక్రీటు, మందపు ఇటుక గోడలు ఘనపు మీటర్లలోనూ, పూత, రంగులు, నేల పరుపు చదరపు మీటర్లలోనూ, ఇనుము బరువులోనూ లెక్కకు వస్తాయి. వేటిని మినహాయించాలి, వేటిని మినహాయించకూడదు అన్న నిబంధనలు ఈ ప్రమాణంలో ముఖ్యమైనవి. ఇటుక గోడలో 0.1 చదరపు మీటరు వరకు ఉన్న రంధ్రాలను తీసివేయరు. పూత పనిలో 0.5 చదరపు మీటరు లోపు ఖాళీలకు మినహాయింపు ఉండదు. అంతకు మించి 3 చదరపు మీటర్ల వరకు ఉన్న తలుపులు, కిటికీలకు గోడకు ఒక వైపు వైశాల్యాన్ని మాత్రమే తీసివేస్తారు, ఎందుకంటే రెండో వైపు మినహాయించని పూత ఆ తలుపు చుట్టూ ఉండే అంచుల పూతకు సరిపోతుందని భావిస్తారు. ఆర్.సి.సి. కాంక్రీటులో ఇమిడిన ఇనుము ఆక్రమించే స్థలాన్ని కాంక్రీటు లెక్కలోంచి తీయరు.

పునాదులనూ గోడలనూ కొలవడానికి వాడుకలో ఉన్న పద్ధతుల్లో మధ్యరేఖ పద్ధతి సులువైనది, పొరపాటుకు తక్కువ చోటిచ్చేది. గోడ మందం మధ్యలో ఒక రేఖ గీసినట్లు భావించి, ఆ రేఖ మొత్తం పొడవును కందకం వెడల్పుతోనూ లోతుతోనూ గుణిస్తారు. లోపలి కొలతలు 5 మీటర్లు, 4 మీటర్లు ఉండి, గోడ మందం 230 మిల్లీమీటర్లు ఉన్న ఒంటి గదికి మధ్యరేఖ పొడవు 18.92 మీటర్లు. అదే గది పునాది కందకం 0.9 మీటరు వెడల్పు ఉన్నప్పుడు, అనుభవం లేనివారు నాలుగు వైపులా బయటి అంచులను కొలిచి కూడితే 22.52 మీటర్లు వస్తుంది; నాలుగు మూలలూ రెండేసిసార్లు లెక్కకు రావడం వల్ల తవ్వకమూ, అడుగు కాంక్రీటూ, రాతి కట్టడమూ అన్నీ 19 శాతం ఎక్కువగా తేలతాయి. లోపలి అడ్డుగోడ బయటి గోడను తాకే ప్రతి చోటా కందకం వెడల్పులో సగం తీసివేయాలన్న నియమాన్ని మరచినా ఇటువంటి తప్పే జరుగుతుంది.

కాంక్రీటు, సిమెంటు

కాంక్రీటు లెక్కలో కొత్తవారిని తికమకపెట్టేది పొడి ఘనపరిమాణం. సిమెంటు, ఇసుక, కంకరలను నీటితో కలిపినప్పుడు కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు చేరి మొత్తం కుదించుకుపోతుంది. అందువల్ల ఒక ఘనపు మీటరు తయారైన కాంక్రీటుకు సుమారు 1.54 ఘనపు మీటర్ల పొడి సామగ్రి కావాలి. ఇటుక పనికీ పూతకూ వాడే సిమెంటు మాలుకు ఈ గుణకం 1.30 నుంచి 1.33 వరకు ఉంటుంది. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర కలిపే ఎం20 కాంక్రీటులో మొత్తం పాళ్లు ఐదున్నర. కనుక 1.54ను 5.5తో భాగిస్తే సిమెంటు 0.28 ఘనపు మీటరు, ఇసుక 0.42, కంకర 0.84 అవుతాయి. సిమెంటు ఘనపు మీటరుకు 1,440 కిలోలు తూగుతుంది కనుక 403 కిలోలు, అంటే 50 కిలోల బస్తాలు ఎనిమిది. పునాది అడుగున పరిచే ఒకటి, నాలుగు, ఎనిమిది పాళ్ల బెడ్ కాంక్రీటుకు ఇదే రీతిలో లెక్కిస్తే ఘనపు మీటరుకు మూడున్నర బస్తాలకు కొంచెం తక్కువ పడుతుంది.

సగటు ఇంటి స్లాబును తీసుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, 125 మిల్లీమీటర్లు, అంటే సుమారు ఐదు అంగుళాలు, మందం గల స్లాబు వైశాల్యం 111.5 చదరపు మీటర్లు, ఘనపరిమాణం దాదాపు 13.94 ఘనపు మీటర్లు. దీనికి ఎం20 పాళ్లలో 112 బస్తాల సిమెంటు, రెండు యూనిట్లకు కాస్త పైగా ఇసుక, నాలుగు యూనిట్లకు కాస్త పైగా 20 ఎం.ఎం. కంకర కావాలి. ఇక్కడ యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. ఇనుము కాంక్రీటు ఘనపరిమాణంలో 0.8 శాతం అనుకుంటే 875 కిలోలు. సెంట్రింగ్ పలకలు సరిగా మట్టం కాక స్లాబు అర అంగుళం మందం ఎక్కువైతే పదో వంతు కాంక్రీటు అదనంగా పడుతుంది, అంటే 11 బస్తాలు. పైగా ఆ అదనపు బరువును మోయవలసింది దూలాలూ స్తంభాలే.

మిశ్రమాన్ని పాళ్ల లెక్కన కలిపే పద్ధతి చిన్న ఇళ్లకు పరిమితమై, పెద్ద పనుల్లో ప్రయోగశాలలో పరీక్షించి బరువుల్లో నిర్ణయించే డిజైన్ మిక్స్ వాడుకలోకి వచ్చింది. ఐ.ఎస్. 456 ప్రకారం ఆర్.సి.సి. పనికి ఎం20 కంటే తక్కువ శ్రేణి పనికిరాదు. సాధారణ వాతావరణంలో సైతం ఘనపు మీటరుకు 300 కిలోల కంటే తక్కువ సిమెంటు వాడకూడదు. సముద్రపు గాలి తగిలే విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఈ కనీస పరిమితులు ఇంకా పెరుగుతాయి కనుక, లోతట్టు ఊళ్ల ఇంటికి వేసిన అంచనాను తీరంలోని ఇంటికి యథాతథంగా వాడడం తప్పు.

ఇసుక

అంచనా ఎక్కువగా తలకిందులయ్యేది ఇసుక దగ్గరే, దానికి కొలతా కారణమే, ధరా కారణమే. పొడి ఇసుక రేణువుల మీద పలుచని నీటి పొర చేరినప్పుడు రేణువులు ఒకదాన్నొకటి ఎడంగా నెట్టుకుని ఇసుక ఉబ్బుతుంది. నాలుగైదు శాతం తేమ ఉన్నప్పుడు ఉబ్బు పాతిక శాతం దాటవచ్చు. నీటిలో పూర్తిగా మునిగితే ఉబ్బు పోయి మళ్లీ పొడి ఘనపరిమాణానికే వస్తుంది. ఉబ్బు పాతిక శాతం ఉన్న 100 ఘనపుటడుగుల యూనిట్‌లో అసలు ఇసుక 80 ఘనపుటడుగులే. ఏటి నుంచి తడిగా వచ్చిన లారీలోని ఇసుకను టేపుతో కొలిచి కొన్నవారు ఐదు లోడ్లకు డబ్బు చెల్లించి నాలుగు లోడ్ల ఇసుక తెచ్చుకున్నట్లు అవుతుంది. బరువు లెక్కన కొంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది, ఎందుకంటే ఐదు శాతం తేమ బరువును ఐదు శాతమే పెంచుతుంది. ఉబ్బును పని స్థలంలోనే తేల్చుకోవచ్చు. నిలువు అంచుల గాజు పాత్రలో తడి ఇసుకను వదులుగా నింపి మట్టం గుర్తుపెట్టి, దాన్ని తీసి సగం పాత్ర నీటిలో కొద్దికొద్దిగా వేస్తూ కలిపితే మట్టం ఎంత దిగిందో అంతే ఉబ్బు.

ధర విషయానికి వస్తే, గోదావరి, కృష్ణా, పెన్నా, మంజీరా, మానేరు, వంశధార వంటి నదుల ఇసుకకు ఏటి ఒడ్డున పలికే వెల కంటే ఇంటి ముందుకు చేర్చే కిరాయి చాలాసార్లు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 సెప్టెంబరులో కొత్త విధానం తెచ్చి టన్నుకు 375 రూపాయలు నిర్ణయించింది. అదే ఏడాది కృష్ణా, గోదావరి నదుల్లో నెలల తరబడి వరద ఉండడంతో ఇసుక దొరకక రాష్ట్రమంతటా నిర్మాణాలు ఆగి, భవన కార్మికులు పని కోల్పోయి తీవ్రంగా నష్టపోయారు. 2024 జులైలో ఉచిత ఇసుక విధానం అమలులోకి వచ్చాక కూడా తవ్వకం, ఎత్తుబడి, రవాణా ఖర్చులు కొనుగోలుదారు భరించవలసినవే కనుక, ఇసుక తవ్వే రీచ్‌కు దూరంగా ఉన్న ఊళ్లలో ఇసుక పద్దు అంచనాలో పెద్ద మొత్తంగానే మిగిలింది. తెలంగాణలో నది ఇసుకను రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా ఆన్‌లైన్ నమోదు పద్ధతిలో సరఫరా చేస్తున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ కంకర క్రషర్లలో రాయిని నలిపి చేసే రోబో ఇసుక వాడకం బాగా పెరిగింది. 2016లో సవరించిన ఐ.ఎస్. 383 ఇటువంటి తయారీ ఇసుకకు ప్రమాణాలు చేర్చింది. కాంక్రీటుకు పనికివచ్చే రోబో ఇసుకా, పూతకు వాడే సన్న రకమూ వేర్వేరు ధరలకు అమ్ముడుపోతాయి కనుక అంచనాలో వాటిని వేర్వేరుగా చూపాలి. క్రషర్ దుమ్మునే రోబో ఇసుకగా అంటగట్టేవారి దగ్గర కొంటే చౌకగా కనిపించిన ఇసుక, నీటినీ సిమెంటునూ ఎక్కువగా పీల్చుకుని ఖరీదైనదిగా తేలుతుంది.

ఇటుక

ఐ.ఎస్. 1077 సూచించిన ప్రామాణిక ఇటుక 190 మిల్లీమీటర్ల పొడవు, 90 వెడల్పు, 90 ఎత్తు. పది మిల్లీమీటర్ల మాలు కలుపుకుంటే ఘనపు మీటరు గోడకు సరిగ్గా 500 ఇటుకలు. పాఠ్యపుస్తకాల్లోని ఈ 500 అంకెను పట్టుకుని స్థానికంగా దొరికే ఇటుకలకు లెక్క వేయడం తరచుగా జరిగే తప్పు, ఎందుకంటే తెలుగు ప్రాంతాల్లో తొమ్మిది అంగుళాల గోడకు వాడే బట్టీ ఇటుకల కొలతలు వేరు. 230, 110, 75 మిల్లీమీటర్ల ఇటుకతో ఘనపు మీటరుకు సుమారు 408 చాలు. అదే ఇటుక పొడవు, వెడల్పుల్లో ఒక్కొక్క సెంటీమీటరు, ఎత్తులో ఐదు మిల్లీమీటర్లు తగ్గి 220, 100, 70 కొలతలకు వస్తే 494 పడతాయి. వెయ్యి ఇటుకల వెల ఒకటే అయినా రెండో బట్టీ ఇటుకతో కట్టిన గోడకు ఇటుక ఖర్చు అయిదో వంతు పెరుగుతుంది, కట్టుబడి కూలీ, మాలు కూడా పెరుగుతాయి. అందుకే ఇటుకల ధరలను పోల్చేటప్పుడు వెయ్యికి ఎంత అని అడగడం చాలదు. పది ఇటుకలను వరుసగా పేర్చి టేపుతో మొత్తం పొడవు కొలిచి, ఘనపు మీటరుకు ఎంతవుతుందో చూడాలి.

గోడకు ఒకటి, ఆరు పాళ్ల మాలు వాడితే ఘనపు మీటరుకు ఒకటిన్నర బస్తాకు కాస్త తక్కువ సిమెంటు పడుతుంది. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం వంటి థర్మల్ విద్యుత్ కేంద్రాల పరిసరాల్లో బూడిద దగ్గరలోనే దొరకడం వల్ల ఫ్లై యాష్ ఇటుక బట్టీ ఇటుకకు గట్టి పోటీ ఇస్తుంది. తేలిక బరువు బ్లాకుల గోడలకు ధర ఎక్కువగా కనిపించినా, గోడ బరువు తగ్గడం వల్ల స్తంభాల్లో, పునాదిలో ఆదా అయ్యే ఇనుమును లెక్కలోకి తీసుకోకుండా వాటిని పోల్చడం న్యాయం కాదు.

ఇనుము

ఇనుప చువ్వ బరువును తేల్చడానికి ఇంజనీర్లు అందరూ వాడే సూత్రం ఒకటి ఉంది: వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఇనుము సాంద్రత ఘనపు మీటరుకు 7,850 కిలోలు కావడమే ఈ సూత్రానికి మూలం. దీని ప్రకారం 8 ఎం.ఎం. చువ్వ మీటరుకు 0.395 కిలోలు, 12 ఎం.ఎం. 0.89, 16 ఎం.ఎం. 1.58 కిలోలు తూగుతాయి. 12 మీటర్ల పూర్తి చువ్వ 8 ఎం.ఎం.లో 4.74 కిలోలు, 12 ఎం.ఎం.లో పదిన్నర కిలోలకు కొంచెం పైన ఉంటుంది. అయితే ఐ.ఎస్. 1786 ప్రమాణం చువ్వల బరువులో కొంత హెచ్చుతగ్గులను అనుమతిస్తుంది: 10 ఎం.ఎం. వరకు 7 శాతం, 16 ఎం.ఎం. వరకు 5 శాతం, అంతకు మించిన వాటికి 3 శాతం. సూత్రం ప్రకారం టన్నుకు 8 ఎం.ఎం. చువ్వలు 211 రావాలి. 7 శాతం తేలికైనవైతే 227 వస్తాయి. కాటా వేసి కొన్నవారికి ఇందులో నష్టం లేదు, పొడవు ఎక్కువే వస్తుంది. చువ్వలు లెక్కపెట్టి, దుకాణదారు చెప్పిన బరువును గుణించి డబ్బు కట్టినవారికి మాత్రం ప్రతి టన్నుకూ 70 కిలోల ఇనుము తక్కువ ముడుతుంది. ఆ తక్కువ ఇనుమే స్లాబులోకి వెళుతుంది కనుక ఇది కేవలం డబ్బుకు సంబంధించిన విషయం కాదు.

ఖచ్చితమైన అంచనాకు ప్రతి దూలం, స్తంభం, స్లాబులోని ఒక్కొక్క చువ్వ ఆకారం, పొడవు, వంపులు, సంఖ్య పట్టికగా రాస్తారు. దీన్ని బార్ బెండింగ్ షెడ్యూల్ అంటారు. 12 మీటర్ల చువ్వలోంచి ముక్కలు ఎలా కోస్తే తునకలు తక్కువ మిగులుతాయో ఈ పట్టికతోనే తెలుస్తుంది, కోత నష్టాన్ని ఐదు శాతం నుంచి రెండు శాతానికి తగ్గించగలిగేది ఇదే. చువ్వల అతుకులకు, కొక్కేలకు పట్టే పొడవునూ, టన్నుకు సుమారు పది కిలోల కట్టుతీగనూ కలపాలి.

తాపడం పనులు

తలుపులు, కిటికీలు, నేల పరుపు, విద్యుత్ తీగలు, నీటి గొట్టాలు, రంగుల పరిమాణాలను లెక్కించడం కష్టం కాదు. నేల వైశాల్యానికి ఐదు నుంచి పది శాతం వృథా కలిపితే పలకల లెక్క వస్తుంది. ఇక్కడ కష్టమంతా ధరల వ్యత్యాసంలో ఉంది. అదే గది నేలకు తాండూరు బండలు, బేతంచర్ల నాపరాళ్లు, విట్రిఫైడ్ పలకలు, చీమకుర్తి గ్రానైట్‌లలో ఏది ఎంచుకున్నారో దాన్ని బట్టి ఖర్చు ఎన్నో రెట్లు మారుతుంది. నిర్మాణపు అస్థిపంజరానికి అయ్యే ఖర్చును ఇంజనీరు అంచనా వేయగలడు గాని, ఈ భాగాన్ని యజమాని తన ఎంపికలను రాతపూర్వకంగా ఇచ్చాకనే వేయడం ఉభయులకూ మేలు.

ధరలు, దూరం

ప్రభుత్వ పనులకు రాష్ట్రాల ఇంజనీరింగ్ శాఖలు ప్రామాణిక ధరల పట్టికను రూపొందించి ఎప్పటికప్పుడు సవరిస్తాయి. వాడుకలో దీన్ని ఎస్సెస్సార్ అంటారు. కేంద్ర ప్రజాపనుల శాఖ ఢిల్లీ ధరల పట్టికనూ, ఆ ధరలు ఎలా వచ్చాయో వివరించే విశ్లేషణనూ ప్రచురిస్తుంది. ధర విశ్లేషణ అంటే ఒక ఘనపు మీటరు పనికి పట్టే సిమెంటు, ఇసుక, కంకర, కూలీ, యంత్రాల అద్దె, నీరు వేరువేరుగా వేసి, వాటిపై గుత్తేదారు లాభం, నిర్వహణ ఖర్చులు కలపడం. కేంద్ర శాఖ పద్ధతిలో ఈ కలుపు 15 శాతం. రాష్ట్ర శాఖల అంచనాల్లో లీడు పట్టిక ప్రత్యేకమైనది. క్వారీ నుంచి, రీచ్ నుంచి, రైలు గూడ్స్ షెడ్ నుంచి పని స్థలానికి ఎన్ని కిలోమీటర్లో చూపి, ఒక్కొక్క సామగ్రికి రవాణా ఖర్చును విడిగా లెక్కగట్టే పత్రం ఇది. దీనికి తోడు ఖనిజాలపై ప్రభుత్వానికి చెల్లించే సీనియరేజి రుసుము, భవన కార్మికుల సంక్షేమానికి చెల్లించే ఒక శాతం సెస్సు కలుస్తాయి.

దూరం ఖర్చును ఎంతగా శాసిస్తుందో గోదావరి ప్రాంత చరిత్రలోనే ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తైన ధవళేశ్వరం ఆనకట్టకు కావలసిన రాయి పక్కనున్న కొండల్లోనే దొరకడం వల్ల అది చౌకగా సాధ్యమైంది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ డ్యాంను రాతి కట్టడంగా నిర్మించడం వెనక రాయీ కూలీలూ దొరకడం ఎంత కారణమో, ఆనాటి సిమెంటు కొరత అంత కారణం. దేశంలో సిమెంటు ధర, పంపిణీ చాలాకాలం ప్రభుత్వ నియంత్రణలో ఉండేవి. 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా ఆ నియంత్రణ తొలగింది. ఆ మధ్య ఏడేళ్లలో ప్రభుత్వ కోటా అయిన లెవీ సిమెంటుకు ఒక ధర, బహిరంగ విపణిలో మరొక ధర ఉండేవి కనుక, ఏ ధరతో అంచనా వేశారో చెప్పని అంచనాకు విలువ లేకపోయేది. ఈనాడు పన్నుల విషయంలో అటువంటి జాగ్రత్తే అవసరం. 2017 నుంచి సిమెంటుపై 28 శాతంగా ఉన్న జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. సొంత ఇల్లు కట్టుకునే వ్యక్తికి ఆ పన్ను తిరిగి రాదు కనుక అది పూర్తిగా ఖర్చే. ఆ తేదీకి ముందు వేసిన అంచనాను తరువాతి కాలానికి వాడేవారు పన్నులేని ధరకు వెనక్కి వెళ్లి మళ్లీ లెక్కించాలి. సున్నపురాయి నిల్వల వల్ల సిమెంటు కర్మాగారాలు వెలసిన పల్నాడు, సూర్యాపేట, కడప, మంచిర్యాల ప్రాంతాలకూ, వాటికి దూరంగా ఉన్న జిల్లాలకూ బస్తా ధరలో తేడాకు రవాణాయే ముఖ్య కారణం.

ఏ సంవత్సరపు ధరల మట్టంతో వేసిన అంచనానో చెప్పనిదే అంకెకు అర్థం ఉండదనడానికి పోలవరం ప్రాజెక్టు పెద్ద ఉదాహరణ. 2005-06 ధరల్లో 10,151.04 కోట్ల రూపాయలుగా ఉన్న దాని అంచనా 2010-11 ధరల్లో 16,010.45 కోట్లకూ, 2017-18 ధరల్లో 55,548.87 కోట్లకూ చేరింది. ఈ చివరి పెరుగుదలలో సగానికి పైగా భూసేకరణ, పునరావాసాలకు చెందినది కనుక దాన్నంతా సిమెంటు, ఇనుముల ధరలకు అంటగట్టడం సరికాదు. దీర్ఘకాలిక పనుల ఒప్పందాల్లో ధరల హెచ్చుతగ్గులకు సర్దుబాటు నిబంధనలు ఉంటాయి. కేంద్ర ప్రజాపనుల శాఖ ఒప్పంద పత్రంలో సిమెంటు, ఇనుము వంటి ముఖ్య సామగ్రికి ప్రత్యేక నిబంధనే ఉంది. వ్యక్తులు మేస్త్రీలతో చేసుకునే ఒప్పందాల్లో మాత్రం ఇటువంటి మాట రాతలో కనిపించడం అరుదు, వివాదాలకు అదే మూలం.

చదరపు అడుగు లెక్క

చదరపు అడుగు వైశాల్యానికి సిమెంటు 0.4 నుంచి 0.5 బస్తా, ఇనుము 3 నుంచి 4.5 కిలోలు అన్న లెక్కలు మేస్త్రీలకు కంఠోపాఠం. స్థూలంగా సరిచూసుకోవడానికి ఇవి ఉపయోగపడతాయి. వివరణాత్మక అంచనాలో చదరపు అడుగుకు 8 కిలోల ఇనుము తేలితే ఎక్కడో కూడికలో పొరపాటు జరిగిందని అవి వెంటనే హెచ్చరిస్తాయి. కాని అంచనాకు ఇవి ప్రత్యామ్నాయం కావు. నల్లరేగడి నేలలో వానకు ఉబ్బి ఎండకు కుంచించుకునే మట్టిని తట్టుకోవడానికి లోతైన పునాదులో ప్రత్యేక పైల్సో వేయవలసి వస్తుంది; రెండు మూడు అడుగుల లోతునే రాతి నేల తగిలే హైదరాబాదు ప్రాంతంలోని ఇంటి పునాదికీ, కృష్ణా డెల్టా బంకమట్టిలోని ఇంటి పునాదికీ పట్టే సామగ్రి ఒకటి కాదు. ఒక అంతస్తుకు వేసిన స్తంభాలకూ, పైన మరో రెండు అంతస్తులు లేపాలన్న ఆలోచనతో వేసిన స్తంభాలకూ ఇనుములో తేడా ఉంటుంది. చదరపు అడుగు అంకెలో ఇవేవీ కనిపించవు. లేబర్ కాంట్రాక్టు చదరపు అడుగు చొప్పున కుదరడం వల్ల సామగ్రి కూడా అలాగే లెక్కకు వస్తుందన్న భ్రమ కలుగుతుంది.

దశలవారీ లెక్క

సామగ్రి ఒక్కసారిగా కాక పునాది, గోడలు, స్లాబు, తాపడం అనే క్రమంలో అవసరమవుతుంది. డబ్బు కూడా అలాగే కావాలి. తెలంగాణలో 2024లో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షల రూపాయల సాయాన్ని పని దశలను బట్టి విడతలుగా విడుదల చేస్తారు, ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. ఇటువంటి ఇంటికి మొత్తం అంచనా ఒక్కటే ఉంటే చాలదు. తరువాతి విడత వచ్చేలోపు ఏ దశకు ఎన్ని బస్తాలు, ఎన్ని ఇటుకలు తెచ్చుకోవాలో తెలియకపోతే పేద కుటుంబం వడ్డీకి అప్పు తేవలసి వస్తుంది. సిమెంటును మూడు నెలలకు మించి నిల్వ చేస్తే బలం తగ్గుతుంది కనుక ముందే కొని పెట్టుకోవడమూ లాభం కాదు. అనుకోని ఖర్చులకు ప్రభుత్వ అంచనాల్లో మూడు నుంచి ఐదు శాతం వరకు కలపడం ఆనవాయితీ. సొంత ఇళ్లకు అంతకు మించి ఉంచుకోవడమే శ్రేయస్కరం, ఎందుకంటే మార్పులు కోరేది ఇంటివారే.

అంచనా వేసినవారి పని అంచనా కాగితంతో తీరదు. ప్రతి దశ ముగిశాక నిజంగా పట్టిన సామగ్రిని లెక్కతో పోల్చాలి. ప్రభుత్వ పనుల్లో ఇది ఎం-బుక్‌గా పిలిచే కొలతల పుస్తకం ఆధారంగా జరుగుతుంది. 112 బస్తాలు పట్టవలసిన స్లాబుకు 125 బస్తాలు ఖర్చైతే అందుకు కారణాలు కొన్నే ఉంటాయి: స్లాబు మందం పెరిగి ఉండవచ్చు, కొలత డబ్బాలో ఇసుక తక్కువ పోసి ఉండవచ్చు, సెంట్రింగ్ సందుల్లోంచి సిమెంటు పాలు కారిపోయి ఉండవచ్చు, బస్తాలు పక్కదారి పట్టి ఉండవచ్చు. మెట్ల దగ్గరా, గొట్టాల కోసం వదిలిన రంధ్రాల దగ్గరా స్లాబు మందాన్ని కొలిస్తే మొదటి కారణం నిజమో కాదో తేలుతుంది. కాంక్రీటు వేసిన రోజునే ఖాళీ సంచులను లెక్కపెట్టి రాసుకుంటే చివరిది తేలుతుంది. మధ్య రెండింటికీ పని జరిగేటప్పుడు కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర నిలబడి చూసినవారి మాటే ఆధారం కనుక, స్లాబు వేసే రోజున లెక్క తెలిసిన మనిషి ఒకరు అక్కడ ఉండడం తప్పనిసరి.